మొహం తర్వాత

"ఇక కదలకండమ్మా" అన్నారు బుచ్చిబాబు మాస్టారు. ఆయన అనడమే ఆలస్యం, దానమ్మకు ముక్కు మీద దురద పుట్టింది. పుట్టదూ మరి. కదలొద్దంటేనే కదా ఒళ్లంతా చీమలు పాకేది, ప్రార్థనలో కళ్లు మూసుకోమంటేనే కదా పిల్లలకు నవ్వొచ్చేది. ఓర్చుకుంది. గంట కొట్టేదాకా ఇంతే, మధ్యలో ఆకాశం ఊడిపడ్డా ఈ స్టూలు మీద ఈ తల ఇలాగే, ఒళ్లో ఈ చేతులు ఇలాగే ఉండాలి. ఏలూరులో ఈ కాలేజీ మేడమీద గదిలో, బొమ్మలు గీయడం కొత్తగా నేర్చుకుంటున్న మొదటి సంవత్సరం పిల్లలు ఆమె ఎదురుగా వంపు తిరిగిన వరసలో కూర్చున్నారు, ఒళ్లో అట్టలు, అట్టల మీద తెల్ల కాగితాలు, చేతుల్లో బొగ్గుపుల్లలు. మొన్నటిదాకా వీళ్లు కుండ గీశారట, కుండ పక్కన వంకాయ గీశారట, కుర్చీ మీద పడేసిన దుప్పటి మడతలు గీశారట. మనిషిని గీయడం ఇదే మొదలు. కుండా వంకాయా అయ్యాక దానమ్మ. పోనీలే, ఏ వరసలో అయితేనేం, గీస్తే చాలు. ఇంతమందిలో ఒక్కరికి చెయ్యి కుదిరి ఒక్క కాగితం మీద ఆ మొహం పడితే చాలు. తన మొహం కాదు. తన మొహం తనకెందుకు, నీళ్లలోకి వంగితే కనపడేదే. చచ్చిపోయిన కూతురు ఇందు మొహం కోసం వచ్చింది దానమ్మ. ఇందు మొహం ఎలా ఉండేదో ఆమె మరిచిపోయింది.

ఈ మాట ఎవరితోనైనా అంటే నమ్ముతారా? కన్నతల్లి మరిచిపోవడమేమిటని బుగ్గలు నొక్కుకోరూ? మొగుడితో కూడా అనలేదు. మరుపు ఒక్కరోజున రాలేదు. ముందు నవ్వు పోయింది. తర్వాత కళ్లు పోయాయి. కుడి కనుబొమ్మ పక్కన చిన్న గాటు ఉండేదని తెలుసు, పైపన్ను ఒకటి కాస్త ముందుకు ఉండేదని తెలుసు, గడ్డం కింద చెమట పట్టేదని తెలుసు, కానీ ఆ గాటునూ పన్నునూ గడ్డాన్నీ ఒకచోట చేర్చి చూద్దామంటే చేరవు. తెలుస్తుంది, కనపడదు. రాత్రి పడుకుని, ఇదిగో నుదురు, ఇదిగో ముక్కు అని ఒక్కొక్కటే తెచ్చి పెట్టుకుంటుంది, పెదవుల దగ్గరికి వచ్చేసరికి నుదురు జారిపోతుంది, నుదురు పట్టుకుంటే కళ్లలోకి పక్కింటి పిల్ల కళ్లు వచ్చి కూర్చుంటాయి. నిరుడు క్రిస్మస్‌కి గుడి బయట ఎవరో పిల్ల నవ్వుతూ ఎదురొస్తే, ఇందు ఇలాగే ఉండేదా అనుకుంది, ఇలా ఉండేది కాదా అనుకుంది, తేల్చుకోలేక గోడ పట్టుకుని అక్కడే కూలబడింది. అందరూ పాపం ఎండ దెబ్బ అనుకుని మజ్జిగ తెచ్చి తాగించారు. డిసెంబరులో ఎండ దెబ్బేమిటో వాళ్లకే తెలియాలి.

మెడ లాగుతోంది. లాగనీ. గోడకు అవతలి గదిలో డాన్సు నేర్చుకునే పిల్లలున్నారు, వాళ్లకూ ఇది మొదటి సంవత్సరమే, టీచరమ్మ కర్రతో చెక్క మీద కొడుతుంటే అందరూ ఒక్కసారి పాదాలు నేలకేస్తున్నారు, ఎవరో ఒక్క పాదం మాత్రం ప్రతిసారీ కాస్త ఆలస్యంగా పడుతోంది. ఆ వెనకబడిన పాదం మీద జాలేసింది దానమ్మకు. ఆ చప్పుడు గడకర్ర దోనె అంచుకు తగిలే చప్పుడులా ఉంది. కొల్లేట్లో పొద్దున్నే ఆ చప్పుడే వినపడేది, లంక నుంచి రోడ్డు దాకా. తాటి దోనె, వెనక తను నిలబడి గడ వేసేది, మధ్యలో చేపల బుట్టలు, ముందు కొసన ఇందు. తొమ్మిదిలో బడి మానేసిన దగ్గర్నుంచి తనతోపాటే ఏలూరు మార్కెట్టుకు వచ్చేది, జెల్లలు ఒకవైపు కొర్రమీనులు ఒకవైపు పరిచి, నోరున్న బేరగాళ్లను నవ్విస్తూ అమ్మేది. దోనెలో మాత్రం ఉలుకూ పలుకూ ఉండేది కాదు. గుర్రపుడెక్క మొక్కలు దాటాక, కిక్కిస గడ్డి దాటాక, నీళ్లు తెల్లగా విప్పారేచోట పాట మొదలుపెట్టేది, పాడుతూ పాడుతూ కొసకు జరిగేది, కాళ్లు నీళ్లలో వేలాడేసేది. ఇందూ, అంచుకు జరక్కమ్మా, పడతావు. రోజూ అనేది తను. రోజూ అది జడ ఒక్కసారి విదిలించేది. వెనక్కి తిరిగి అలాగేనమ్మా అంటే దాని సొమ్మేం పోయింది, ఒక్కరోజైనా తిరగలేదు మొండిపిల్ల.

తలుపు కిర్రుమంది. చూపు అటు తిప్పకూడదు. వచ్చింది ఆడపిల్లని గొంతును బట్టి తెలిసింది, రొప్పుతోంది, మేడమెట్లు పరుగున ఎక్కినట్టుంది. "సారీ మాస్టారండీ, తాడేపల్లిగూడెంలోనే లేటండీ ట్రైను." గూడెం నుంచి రోజూ వచ్చే సింధూరి అట, మార్కెట్టులో ఉల్లిపాయల కొట్టువాళ్ల అమ్మాయి అట, ఎవరో గుసగుసలాడుకున్నారు. ముందు వరసలో చోటు లేదు. పిల్ల అటూ ఇటూ తిరిగి చివరికి దానమ్మ వెనకవైపు స్టూలు లాక్కుంది.

"మాస్టారండీ, ఇక్కణ్ణుంచి నాకు మొహం కనపడటం లేదండీ."

"కనిపించిందే గియ్యమ్మా. మొహం తర్వాత, ముందు ఆకారం. ఎన్నిసార్లు చెప్పాలి మీకు."

"వెనకేం ఉందండీ గీయడానికి..."

పిల్లలు కిసుక్కున నవ్వారు. దానమ్మకు ఆ పిల్ల మీదా జాలేసింది. అంత దూరం రైల్లో వచ్చి ఏం లాభం తల్లీ, ఉత్త వీపు దొరికింది నీకు. నవ్వింది జడ చూసి కూడా అయ్యుంటుంది. నవ్వుకోనీ. పొద్దున తల రుద్దుకుని, ముడి వేసుకోకుండా, ఇందు వేసుకున్నట్టే ఒంటి జడ వేసుకుంది దానమ్మ, ఇందు కట్టుకున్నట్టే చివర గుడ్డపేలిక కట్టుకుంది. ఈ కాలేజీలో అటెండరుగా చేసే అన్నయ్య ఎలీయాజరు గేటు దగ్గరే చూసి, "ఇదేంటే ఈ జడ, ఈ వయసులో? నలుగురూ చూస్తే నా పరువేం కావాలి?" అన్నాడు. అన్నయ్యకేం తెలుసు. మాస్టారు బొమ్మకు కూర్చోవడానికో మనిషి కావాలంటున్నారని చెప్పింది ఆయనే, పంపించింది ఆయనే, ఎందుకు ఎగిరి గంతేసి ఒప్పుకుందో మాత్రం ఆయనకు చెప్పలేదు. మాస్టారు ఇస్తానన్న కూలి వద్దంది. "ఒక్క బొమ్మ ఇప్పించండయ్యా, చాలు" అంది. ఆయన మంచివారు, ముందే చెప్పారు, "వీళ్లు కొత్తవాళ్లండి, పోలికలవీ ఇంకా రావు, తర్వాత నన్ననుకుంటే బాగోదు" అని. పోలిక తన దగ్గరుంది కదా, వాళ్లకు రావలసిన పనేముంది? ఇందు పుట్టినప్పుడు మంత్రసాని అన్నమాట, బాప్తిస్మం రోజున పాస్టరుగారన్న మాట, మార్కెట్టులో రోజూ నలుగురూ అనేమాట ఒక్కటే, తల్లీకూతుళ్లు అచ్చు గుద్దినట్టున్నారని. అద్దంలో వెతికింది దానమ్మ, ఎన్నాళ్లో వెతికింది. అద్దంలో ఎప్పుడూ తనే ఉంటుంది. ఇది తన కళ్లకు చేతనయ్యే పని కాదనుకుంది, చూడటం నేర్చుకునే పిల్లలున్నారుగా, ఈ ముడతల వెనక ఉన్నదాన్ని వాళ్లు చూస్తారనుకుంది.

ఫోటో ఉండేది. అదే, అదే తలుచుకోకూడదు, తలుచుకుంటే ఒళ్లు కదులుతుంది, కదిలితే బొమ్మ చెడుతుంది. ఒకే ఒక్క ఫోటో. క్రిస్మస్‌కి సైకిలు మీద లంకలన్నీ తిరిగిన ఫోటోలాయన గుడి దగ్గర నక్షత్రం కింద నిలబెట్టి తీశాడు, ఆయన ఏ ఊరాయనో ఎవరికీ తెలియదు, మళ్లీ రాలేదు. రేషన్ కార్డు మీద ఉందంటారా, అందులో నలుసంత మొహం, మసి బొటనవేలు అద్దినట్టు. నక్షత్రం కింద ఫోటో అలా కాదు, అందులో ఇందు ఇందులాగే ఉండేది. అయ్యో, ఎలా ఉండేది? వంకర పోకుండా ఉంటుందని ఇందు తన పాటల పుస్తకంలో పెట్టుకునేది, తనకిష్టమైన పాట ఉన్న పేజీలో. ఆ పెద్ద వరదప్పుడు లంక చుట్టూ సముద్రమైపోయింది, ఇందుకు జ్వరం పట్టింది, దోనె మీద వేసుకుని రోడ్డు కోసం వెతికారు, రోడ్డు ఎక్కడుంది, రోడ్డూ కొల్లేరే. మొగుడు కృపావరం గడ వేస్తూనే ఉన్నాడు. తను ఇందు తల ఒళ్లో పెట్టుకుని ఉంది. ఆ రోజు మొహం చూసింది కదా, అంతసేపు ఒళ్లోనే ఉంది కదా, దాన్నైనా గుర్తు తెచ్చుకోవచ్చు కదా. లేదు, చెంగు కప్పింది, వాన పడుతోందని మొహం మీద చెంగు కప్పింది.

పెట్టెలో పెట్టేటప్పుడు వాళ్లలో ఎవరి పుస్తకాన్ని వాళ్ల గుండెల మీద పెట్టి పంపించడం ఆనవాయితీ. బైబిలు ఉంటే బైబిలు, చదువు తక్కువైతే పాటల పుస్తకం. ఆడవాళ్లు పుస్తకమేదీ అని అడిగారు, దానమ్మే వెళ్లి దూలం సందులోంచి తీసి తెచ్చింది, తన చేత్తో తనే ఇందు చేతుల కింద పెట్టింది. నీళ్లు ఎక్కని మెరక కోసం పెట్టెను రెండు దోనెలు కలిపి కట్టి తీసుకెళ్లి పూడ్చి వచ్చారు. కొన్నాళ్లకు ఫోటో చూసుకుందామని దూలం సందులోకి చెయ్యి పెట్టింది. ఖాళీ సందు చేతికి తగిలింది. అప్పుడు, అప్పుడు తెలిసింది. కేక పెట్టిందట, తనకు గుర్తులేదు. తవ్వుదాం పదండని సంఘం పెద్దల కాళ్ల మీద పడింది. "పూడ్చినదాన్ని తవ్వకూడదమ్మా" అన్నారు. మరుసటి ఏడు సర్కారువాళ్లు చేపల చెరువుల గట్లు పగలగొట్టాక కృపావరం కాపలా పని పోయి, గూడెంలో ఉల్లిపాయల బస్తాలు మోయడానికి వెళ్లాడు, ఆదివారాలు వస్తాడు, తింటాడు, పడుకుంటాడు, ఆ పేరు ఎత్తడు. ఆయనకు మొహం గుర్తుందా? అడగాలంటే భయం. ఉందంటే ఓర్వలేదు, లేదంటే ఇక ఈ భూమ్మీద ఇందు ఎక్కడా లేనట్టే.

పాస్టరుగారు మాత్రం ఓపికగా చెప్పారు. "ఎందుకమ్మా ఏడుపు, ప్రభువు వచ్చిన రోజున బూర మోగుతుంది, సమాధుల్లోంచి అందరూ లేస్తారు, నీ బిడ్డ నీకు ఎదురొస్తుంది" అన్నారు. ఆ మాటతో ఊరట వస్తుందనుకున్నారు ఆయన. ఆ రాత్రి నుంచే దానమ్మకు నిద్ర కరువైంది. అందరూ లేస్తారు కదా. లంకలన్నీ లేస్తాయి, ఏలూరంతా లేస్తుంది, ఎప్పటెప్పటి వాళ్లో లేస్తారు, ఇసకేస్తే రాలని జనం, అందులో ఈడుపిల్లలు ఎంతమంది? అందరూ తెల్లబట్టల్లోనే ఉంటారట. ఇందు ఎదురుగా వచ్చి నిలబడితే, అమ్మా అనకముందే తను గుర్తుపట్టకుండా పక్కకు తప్పుకుని ముందుకు పోతే? పోదూ? గుర్తే లేని మొహాన్ని ఎలా గుర్తుపడుతుంది? ఆ పిల్ల అక్కడే నిలబడి, ఇదేంటి మా అమ్మ నన్ను చూసి కూడా పోతోంది అనుకుంటే? అందుకే ఇప్పుడే కావాలి మొహం. చచ్చేలోగా కావాలి. రోజూ చూసి చూసి, అరిగిపోయేలా చూసి, ఆ రోజుకు సిద్ధంగా ఉండాలి.

అందుకని దానమ్మ సాయం చేయడం మొదలుపెట్టింది. ఇందు అలిగినప్పుడు కింది పెదవి బిగించేదని తెలుసు, తను బిగించింది. నవ్వాపుకునేటప్పుడు కుడి కన్ను చిన్నదయ్యేదని తెలుసు, చిన్నది చేసింది. పదహారేళ్ల పిల్ల చూసినట్టు చూడాలి, ముందు ఏదో బాగుంటుందన్నట్టు చూడాలి. ప్రాణమంతా మొహంలోకి తెచ్చుకుని చూసింది. రా తల్లీ, పైకి రా, నా మొహం నీకిస్తున్నాను, ఈ గంటసేపు తీసుకో.

"మాస్టారండీ, ఆంటీ మొహం మారిపోతోందండీ" అన్నాడు ముందు వరసలో కళ్యాణ్ అనే కుర్రాడు. మాస్టారు వచ్చి కాస్త దూరంలో నిలబడ్డారు. "మామూలుగా పెట్టండమ్మా మొహం, ఏమీ చెయ్యొద్దు, వదిలేయండి" అన్నారు మెల్లిగా. వదిలేయాలట. ఏం వదిలేయాలి, ఇంకేం మిగిలిందని? వదిలేసింది. వదిలేయగానే ఎక్కడ ఆగి ఉన్నాయో ఏమో, ఎడమ కంటి నుంచి నీళ్లు కారి చెంప మీదుగా గడ్డం దాకా వచ్చి అక్కడ వేలాడాయి. తుడుచుకోకూడదు. పిల్లలు చెయ్యి ఆపి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, మాస్టారు కానివ్వండన్నట్టు తల ఊపారు, బొగ్గుపుల్లలు మళ్లీ కాగితాల మీద బరబరమన్నాయి. గోడ అవతల ఆ వెనకబడిన పాదం ఇప్పుడు అందరితోపాటే పడుతున్నట్టుంది, లేదా ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టారో ఏమో.

గంట కొట్టారు. లేవబోతే కాళ్లు తిమ్మిరెక్కి స్టూలు పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. "మీకు నచ్చింది తీసుకోండమ్మా, మాటన్నానుగా" అన్నారు మాస్టారు, పిల్లలు అట్టలను గోడకు ఆనించి వరసగా పెట్టారు. దానమ్మ మొదటి బొమ్మ దగ్గరకు వెళ్లింది. ముసలమ్మ. కళ్ల చోట రెండు నల్లటి గుంటలు. రెండోది ఎవరో మగమనిషిలా ఉంది, గీసిన పిల్ల సిగ్గుపడి తల వంచుకుంది. కళ్యాణ్ గీసింది కాస్త కుదిరింది, ముక్కు తన ముక్కే, చెంప మీద నీటిచార కూడా పెట్టాడు బుద్ధిమంతుడు, ఆ మొహం దానమ్మదే, సందేహం లేదు. వంగి ఎంతసేపో చూసింది. ముడతల కింద చూసింది, నీటిచార కింద చూసింది. అందులో ఇందు లేదు. తర్వాతి దాంట్లో లేదు. ఆ తర్వాతి దాంట్లో లేదు. ఏ ఒక్కరూ అబద్ధం గీయలేదు, ఉన్నదే గీశారు, ఉన్నదాంట్లో ఇందు లేదు. అచ్చు గుద్దినట్టున్నారన్న పోలిక ఎప్పుడు పోయిందో పోయింది, ఏడ్చి ఏడ్చి తనే కరిగించేసుకుంది కాబోలు. పెట్టెలో ఫోటో ఒకసారి పూడ్చింది, ఇప్పుడు మొహంలో మిగిలిన ముక్క కూడా పోయింది. ఇంక ఎక్కడ వెతకాలి ప్రభువా, ఇంక ఏ గదిలో కూర్చోవాలి, ఎవరి ముందు కదలకుండా కూర్చోవాలి? "నచ్చలేదాండీ?" అన్నారు మాస్టారు నొచ్చుకుంటూ. "బాగున్నాయి బాబూ, పిల్లలు బాగా గీశారు" అంది దానమ్మ. చెంగుతో మొహం ఒత్తుకుని తలుపు వైపు నడిచింది.

తలుపు దగ్గర సింధూరి అట్టను గుండెలకు హత్తుకుని నిలబడి ఉంది. గోడకు పెట్టలేదు.

"నీదేదమ్మా?"

"నాది వద్దాంటీ. నాకు మొహం కనపడలేదు. ఇందులో ఏం లేదు."

"చూపించు తల్లీ."

పిల్ల మొహమాటపడుతూ అట్ట తిప్పింది. మెడ. మెడ మీద జడలోకి అందకుండా తప్పించుకున్న సన్నటి వెంట్రుకలు. నడుం మీద బుట్ట మోసి మోసి ఒకవైపు వాలిన భుజం. వీపు మధ్యకు రాకుండా కాస్త ఎడమకు పోయిన జడ, చివర గుడ్డపేలిక. చెవి కొస, చెంప మొదలయ్యే ఒంపు, అంతే, అక్కడితో ఆగిపోయింది గీత. ఆ ముందంతా తెల్ల కాగితం, పొద్దున్నే కిక్కిస దాటాక కొల్లేరు మీద ఉండే తెలుపు. దానమ్మ కాళ్ల కింద నేల దోనెలా ఒక్కసారి ఊగింది. తన వీపు తను ఎప్పుడు చూసుకుంది కనక, ఇది తనదని ఎలా అనుకుంటుంది? ఈ మెడను చూస్తూ ఎన్ని పొద్దులు గడ వేసింది. ఈ భుజాన్ని చూస్తూ ఎన్ని పాటలు విన్నది. ఎంత జనంలోనైనా, అందరూ తెల్లబట్టల్లోనే ఉన్నా, అటు తిరిగి ఉన్నా సరే, పోల్చుకుంటుంది. చెయ్యి దానంతట అదే ముందుకు వెళ్లింది.

"తాకకండమ్మా, బొగ్గు, చెరిగిపోతుంది" అన్నారు మాస్టారు వెనకనుంచి.

చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది. సింధూరి భయపడి, "ఆంటీ, ఏమైందండీ?" అంటోంది, ఎలీయాజరు గుమ్మం దగ్గరకు వచ్చి, "దానమ్మా" అని పిలుస్తున్నాడు. దానమ్మకు వినపడుతూనే ఉంది. కాగితం అంచు దాకా వచ్చి కూర్చుంది పిల్ల, ఇంకాస్త జరిగితే నీళ్లే.

"ఇందూ" అంది. "అంచుకు జరక్కమ్మా, పడతావు."

ఇందు ఎప్పటిలాగే వెనక్కి తిరగలేదు.